కొండగెడ్డలో కలిపిన పసుపు

సులేమాన్ మావ పోయిన కబురు నాకు మొదట తెచ్చింది పైడమ్మ. నేను పుట్టిన జాలరిపేట నుంచి రెండు బస్సులు మారి, నెత్తిన చేపల తట్టతో వారానికి మూడు రోజులు మా కూర్మన్నపాలెం వీధిలోకి వస్తుంది. నాకు వరసకు చెల్లెలు. ఆ రోజు మా గుమ్మంలో తట్ట దించి, చెంబుడు నీళ్ళు తాగి, కానాగంతలు ఏరి పళ్ళెంలో వేస్తూ, పొద్దుటి ఎండ గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అప్పా, ఇన్నావా? పాతూరు జరీ సులేమాన్ తాత పోనాడంట. శుక్రోరం నాడు. నీకెవులూ ఫోను సెయ్యనేదా?"

"ఎలగ పోనాడే?"

"ఎలగేటి, ముసిలోడు కాదా. నిద్దట్లోనే పోనాడంట. మట్టి కూడా అయిపోనాది. నాలుగు రోజులైపోనాది."

ఆ కానాగంతలు నేనే కడిగాను, నేనే వండాను కాబోలు, ఏదీ జ్ఞాపకం లేదు. సాయంత్రం దీపం పెట్టి కూచున్నాను. రోజూ దీపం దగ్గర నేను కోరికలు కోరను. గంగమ్మ తల్లికీ సింహాద్రి అప్పన్నకీ దండం పెట్టుకుని, నాకు మేలు చేసినవాళ్ళ పేర్లు వరసగా చెప్పుకుంటాను. బతికున్నవాళ్ళవి ముందు, వెళ్ళిపోయినవాళ్ళవి తర్వాత. మా అమ్మ, మా నాన్న, మా మామ్మ ఎప్పుడో ఆ రెండో వరసకి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఒక్క పేరును ఇటునుంచి అటు మార్చవలసి వచ్చింది.

నాకు అక్షరాలు నేర్పింది ఆయన. బడి గుమ్మం నేను తొక్కలేదు. నాకు ఆరేళ్ళప్పుడు మామ్మ ఇసకలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది, ఇక లేవలేదు. నాన్న తెల్లారకుండా తెప్ప మీద వేటకి పోయేవాడు. అమ్మ రేవు దగ్గర చేపలు కొనుక్కుని తట్టతో ఊళ్ళోకి పోయేది. మామ్మ దగ్గర ఒక మనిషి ఉండాలి కదా, ఆ మనిషిని నేను. ఆమెకి గంజి పట్టడం, ఒళ్ళు తుడవడం, నల్లేరు నూనె మర్దనా చెయ్యడం, చుట్ట వెలిగించి ఇవ్వడం నా పని. మామ్మ అడ్డపొగ తాగేది. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పొగ బయటికి రానిచ్చేది కాదు. "నోరు కాలదా మామ్మా?" అంటే, "కాలితే కాల్నీ. సలి పోతాది" అనేది. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఎండుచేపలు, నల్లేరు నూనె, చుట్ట, తడి వల, ఉప్పుగాలికి తుప్పు పట్టిన తలుపు గొళ్ళెం, అన్నీ కలిసిన ఒకే వాసన అది.

సులేమాన్ మావ పాతూరులో జరీ పనివాడు. పెళ్ళి బట్టలకి, టోపీలకి జరీ కుట్టేవాడు. ఆ జరీ తుంపులతోనే చేతిగాలాలకి ఈకల ఎరలు కట్టడం ఎవరు నేర్పారో తెలీదు గానీ, మా తీరంలో ఆయన కట్టినంత బాగా కట్టేవాళ్ళు లేరు. కోడిపుంజు మెడ ఈకలు రెండు, ఎర్ర దారం మూడు చుట్లు, పైన వెండి జరీ. నీళ్ళలో లాగితే చిన్న చేప పరిగెడుతున్నట్టే ఉంటుంది. "మా బావ ఈక కడితే కోనాం సేప ఇంటికొచ్చి తలుపు కొడతాది" అనేవాడు నాన్న. కులం వేరు, మతం వేరు, ఊళ్ళో ఇద్దరి చోటూ వేరు, అయినా వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనుకునేవారు. అందుకని నాకు ఆయన మావ అయ్యాడు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆయన రేకుపెట్టెతో మా పేటకి వచ్చేవాడు. ఎరలు ఇవ్వవలసినవాళ్ళకి ఇచ్చేసి, చివరికి మా అరుగు మీద కూచునేవాడు. మామ్మ మంచం పక్కన ఊరికే కూచున్న నన్ను చూసి, ఒకనాడు రేకుపెట్టె మూత మీద సుద్దతో అ రాశాడు. అలా మొదలు. ఎరలు చుట్టి తెచ్చే పాత పత్రికల ముక్కలే నా వాచకాలు. సగం వార్త ఉండేది, మిగతా సగం ఎవరి ఇంట్లోనో ఉండేది. "తరవాతేటయింది మావా?" అంటే, "ఆ ముక్కలో కానాగంతల ఎర సుట్టి మీ పక్కింటి అప్పన్నకి ఇచ్చీసాను. ఎల్లి అడిగి సదువుకో" అనేవాడు. నేను నిజంగానే పరిగెత్తేదాన్ని. ఇవాళ ఈ కాగితం మీద పడుతున్న ప్రతి అక్షరం ఆ పెట్టె మూత మీదిదే. ఆ భాగ్యానికి నేను ఎన్ని జన్మలు దండం పెట్టినా తీరదు.

నాకు పదకొండేళ్ళు వచ్చేసరికి ఆయన చూపులో ఏదో తేడా వచ్చింది. ఎదురుగా ఉన్న దారం కొసని సూదిలో ఎక్కించేవాడు. పక్కనే ఉన్న నీళ్ళబిందెని మాత్రం కాలితో తన్నేసేవాడు. గుమ్మంలో భుజం కొట్టుకునేవాడు. ఆసుపత్రిలో చూసి నీటికాసులన్నారు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది కూడా వచ్చే ఏడు వానాకాలం దాకా ఉంటే గొప్పే అన్నారట. "గొట్టంలోంచి సూసినట్టుంటాది బావా," అని నాన్నకి చెప్పాడు. "గొట్టం రోజురోజుకీ సన్నమైపోతన్నాది."

అదే అరుగు మీద, అదే సాయంత్రం అనుకుంటాను, ఆయన తన కోరిక బయటపెట్టాడు. అక్కడ వాళ్ళ మూడో స్నేహితుడు సన్యాసి కూడా ఉన్నాడు. ఆటోనగర్‌లో షెడ్లు అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. సన్యాసి అక్కడ ఒక షెడ్డులో బళ్ళు బాగు చేసేవాడు, పని లేనప్పుడు కొండల మీదికి వేను తోలి అల్లం బస్తాలు తెచ్చేవాడు.

"ఇరవయ్యేళ్ళయి ఈకలు కడతన్నాను," అన్నాడు సులేమాన్ మావ. "నా ఈకని సేప ఎలగ పట్టుకుంటాదో ఒక్కసారీ సూడనేదు. నువ్వు సూసావా బావా?"

నాన్న తన చూపుడువేలు ఎత్తి చూపించాడు. "సూడ్డమేటి? ముప్పై బారల లోతు. సూపుడేలికి తెలుస్తాది, అంతే."

"మరదే. నీ ఏలికైనా తెలుస్తాది. నాకదీ నేదు."

అప్పుడు చెప్పాడు. ఎప్పుడో హార్బరులో ఆగిన విదేశీ ఓడ అధికారి ఒకడు ఆయన కొట్టుకి వచ్చాడట. గోరంత గాలానికి ఈకలు కట్టిన ఒక ఈగని చూపించి, ఇలాంటివి కట్టగలవా అని అడిగాడట. మావ డజను కట్టి ఇచ్చాడు. వాళ్ళ దేశంలో కొండనదుల్లో మోకాలి లోతున నిలబడి ఆ ఈగని నీటి మీదికి విసురుతారనీ, చేప అడుగునుంచి లేచి దాన్ని అందుకోవడం కళ్ళారా చూస్తారనీ ఆ మనిషి చేతుల సైగలతోనే చెప్పాడట. అప్పటినుంచీ మావ మనసు దాని మీదే ఉంది.

సన్యాసి బీడీ పారేసి ముందుకి జరిగాడు. "ఓడలోడి దేశం దాకా ఎందుకు బావా? పాడేరు అవతల కొండల మీంచి పారే గెడ్డల్లో నాను సూసాను. పురుగు నీటి మీద పడ్డాదా, కిందనుంచి సేప లేచి గుటుక్కుమనిపిస్తాది. అద్దంలో సూసినట్టే. మీ జాలరోళ్ళకి సముద్రం తప్ప నీళ్ళ మీద నమ్మకం నేదు గానీ..."

"కార్తీకంలో నీళ్ళు తేటపడతాయి," అన్నాడు నాన్న. ఆ ఒక్క మాటతో ప్రయాణం నిశ్చయమైపోయింది. వేట బాగా సాగే రోజుల్లో మూడు రోజులు తెప్ప కట్టేసుకోవడం మా ఇంట్లో అంతకు ముందు జరగలేదు, తర్వాతా జరగలేదు.

ఆ ఆషాఢంలో మామ్మ కన్ను మూసింది. నేను ఖాళీగా ఉన్నాను. "ఈ గుంటని కూడా తీసుకెల్దాం," అన్నాడు మావ. "నా దగ్గిర గొట్టమే ఉన్నాది. దాన్ని ఎటు తిప్పాలో సెప్పడానికి కళ్ళున్న మనిషి కావాలి. సేప ఎక్కడుందో రత్నం సెప్తాది, నాను అటు సూస్తాను." నన్ను ఎవరైనా అంత ముఖ్యమైన పనికి పిలవడం అదే మొదలు. అమ్మ ముందు గొణిగింది. తర్వాత అటుకులు, ఎండు రొయ్యల పొడి కట్టింది. ఒక గుడ్డసంచీలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ పెట్టి నా చేతికిచ్చి, "కొత్త నీళ్ళు. గంగమ్మకి సెయ్యకుండా మీ నాన్నని గాలం ముంచనియ్యకు. నీదే బాద్దెత," అంది. మా పేటలో కొత్త తెప్ప దించినా, కొత్త వల కట్టినా, కొత్త చోట వేటకి దిగినా అది మానరు. దానికి కారణం ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

వేనులో గ్రీజు వాసన, అల్లం వాసన. పెందుర్తి, చోడవరం దాటి, మాడుగులలో ఆగి హల్వా తిన్నాం. మావ దాన్ని వేళ్ళతో నొక్కి చూసి, "ఇది జరీ దారంలా సాగుతాది," అన్నాడు. ఘాట్ మొదలయ్యాక అసలు తమాషా. పుట్టినప్పటినుంచీ అలల మీద ఊగిన మా నాన్న, నాలుగో మలుపులోనే వేను ఆపించి దిగి, పొద్దుటినుంచీ తిన్నదంతా కక్కేశాడు.

"తుఫానులో తెప్ప మీద బువ్వ తిన్నోడివి!" అని సన్యాసి స్టీరింగు మీద పడి నవ్వాడు. "రోడ్డు మీద పడిపోనావేటి బావా!"

"సముద్రం ఊగితే మనిషి కూడా ఊగుతాడు," అన్నాడు నాన్న మూతి తుడుచుకుంటూ. "ఈ కొండ ఊగదు, మనల్ని ఊపుతాది. ఇదేటి పద్దతి?"

ఘాట్ దారిలో మోదకొండమ్మ పాదాల గుడి దగ్గర అన్ని బళ్ళలాగే మా వేనూ ఆగింది. సన్యాసి కాయ కొట్టాడు. మావ రోడ్డుకి అవతల చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు. నేను కళ్ళు మూసుకుని, మావ చేపని చూడాలి తల్లీ అని మొక్కుకున్నాను. నా జీవితంలో నేను గట్టిగా అడిగి కోరిన కోరికలు రెండో మూడో. అందులో అది మొదటిది.

సన్యాసికి అల్లం అమ్మే ఒక పెద్దాయన ఇంటి వసారాలో దిగాం. గెడ్డ ఆ ఇంటికి దిగువన, రాళ్ళ మధ్య. పైన ఎక్కడో వాన పడిందట, నీళ్ళు ఎర్రమన్నులా ఉన్నాయి. మొదటి సాయంత్రం పోయింది. రెండో రోజంతా పోయింది. మావ గెడ్డ ఒడ్డున రాయి మీద వెదురు గాలపు కర్ర పట్టుకుని కూచున్నాడు. ఎరలు గోరంత, ఓడవాడి ఈగల్లాంటివి, ఎంత శ్రద్ధగా కట్టాడో చెప్పలేను. చూపు సన్నగిలిన మనిషి రెండు నెలలు కూచుని కట్టిన పని అది. నాన్న మాత్రం సముద్రం అలవాటు వదలక దారానికి సీసపుగుండు కట్టి విసిరాడు. అది రాళ్ళలో ఇరుక్కుని తెగింది. మళ్ళీ కట్టాడు, మళ్ళీ తెగింది. "గుండు ఇప్పీ బావా, ఇది ముప్పై బారల లోతు కాదు, మూడు జానలు," అని సన్యాసి తిట్టాడు. పెద్దాయన తలకాయ ఊపి, రేపు తెల్లారేసరికి తేరుకోవచ్చు అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నానికి మేం బయల్దేరిపోవాలి. వేను మావాళ్ళది కాదు, షెడ్డు యజమానిది.

మూడో రోజు తెల్లవారింది. నేను అందరికంటే ముందు లేచి గెడ్డకి దిగాను. నీళ్ళు తేటపడ్డాయి. రాళ్ళ మధ్య ఒక మడుగు, మూడు వైపులా బండలు, పారుదల లేనట్టే ఉంది. అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. వాటి పైన ఏడెనిమిది చేపలు, ముదురాకుపచ్చ వీపులు, అన్నీ ఒకే దిక్కుకి తలపెట్టి, తోకలు మాత్రం కదుపుతూ నిలబడ్డాయి. నేను ఊపిరి బిగబట్టి చూస్తుండగానే ఒకటి మెల్లగా పైకి లేచి, నీటి మీద తేలుతున్న పురుగుని నోట్లోకి తీసుకుని, మళ్ళీ తన చోటికి వెళ్ళి నిలబడింది. సన్యాసి చెప్పింది అక్షరాలా నిజం. మావ కొంచెం దిగువన రాయి మీద నమాజు చేసుకుంటున్నాడు. ఇంకొక్క పది నిమిషాల్లో వస్తాడు. వచ్చి, నేను చూపించిన వైపు చూస్తాడు.

అప్పుడు నాన్న కొబ్బరికాయతో వచ్చాడు. నేనే కేక వేసి పిలిచాను మరి. గంగమ్మకి చేసెయ్యాలి, ఆయన వచ్చేలోగా అయిపోవాలి, అప్పుడంతా సిద్ధంగా ఉంటుందని నా తొందర. నాన్న మోకాలి లోతుకి దిగి, బండ మీద కాయ కొట్టి, ఒక చెక్క నీళ్ళలోకి విసిరాడు. నేను చెంబు నిండా కలిపిన పసుపునీళ్ళు మడుగులో పోశాను. కుంకుమ చల్లాను. ముమ్మారు "గంగమ్మ తల్లీ" అని ఇద్దరం కేక వేశాం. సముద్రంలో అయితే ఆ పసుపు మీదికి ఒక అల వస్తుంది. వచ్చి తీసుకుపోతుంది. మరుక్షణం నీళ్ళు మామూలే. నేను చేతులు జోడించి అల కోసం చూశాను. అల రాలేదు. పసుపు అక్కడే నిలబడి, మెల్లగా కిందికి దిగి, పక్కలకి పాకి, మడుగంతా నిండింది. కుంకుమ ఎర్రగా తేలింది. కొబ్బరిచెక్క మధ్యలో గిరగిర తిరిగింది. చేపల్లో ఒక్కటీ లేదు.

సన్యాసి బండ మీదనుంచి చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఏటి సేసీసారు! గెడ్డకి పసుపు పూసీడమేటి బావా, ఇదేటి పెళ్ళికూతురా? రెండ్రోజులు కాసుకున్నాం కదా ఈ నీళ్ళ కోసం! ఇంక అవి ఆ రాళ్ళ కిందనుంచి సాయంత్రం దాకా రావు."

నాన్న తడి పంచెతో అలాగే నిలబడిపోయాడు. మావ కర్ర తడుముకుంటూ వచ్చి నా పక్కన కూచున్నాడు. "ఏటయింది? ఎక్కడున్నాయి రత్నం? సెప్పు, ఎటు సూడాలి?" అన్నాడు.

నేను ఏడుస్తూ చెప్పాను. ఆయన కాసేపు మడుగు వైపు చూశాడు. ఆ గొట్టంలోంచి ఏం కనిపించిందో నాకు తెలీదు. "ఊరుకో సన్యాసీ," అన్నాడు. "నా నమాజు నాను మానీసానా? నేదు. వాళ్ళ పూజ వాళ్ళు సేసుకున్నారు. గుంటనేటీ అనకు. కూకుందాం. తేరుకుంటాదేమో."

కూచున్నాం. ఎండ బండల మీదికి వచ్చింది. పసుపు పలచబడింది గానీ పోలేదు. మావ ఎరని మడుగు మీద మళ్ళీ మళ్ళీ పరిచాడు. ఈక నీటి మీద ఎంత తేలిగ్గా వాలేదో, నిజం ఈగ కూడా అంత తేలిగ్గా వాలదు. నేను కళ్ళు ఆర్పకుండా చూశాను. కంట్లో నీళ్ళు తిరిగితే, చేప తప్పిపోతుందని తుడుచుకోలేదు. సన్యాసి రెండుసార్లు వచ్చి వేళయింది అన్నాడు. మూడోసారి వచ్చి వెనకాల నిలబడ్డాడు. అప్పుడు అవతలి బండ నీడలో, ఎరకి రెండు బారల దూరంలో ఒక చేప లేచింది.

"అదిగో మావా! ఎడం పక్క! బండ కింద!"

ఆయన తల తిప్పాడు. ముందు ఎక్కువ తిప్పాడు, మళ్ళీ వెనక్కి తెచ్చాడు. అప్పటికి నీటి మీద వలయాలే ఉన్నాయి. అవి విచ్చుకుంటూ వచ్చి ఆయన రాయికి తగిలాయి. "అలలు సూసాను," అన్నాడు. ఆ తర్వాత ఆశగా నా వైపు తిరిగి, "నా ఈకేనా పట్టింది?" అన్నాడు.

"అవును మావా, నీ ఈకే," అన్నాను. నా జీవితంలో నేనాడిన మొదటి పెద్ద అబద్ధం.

ఆయన చూపుడువేలు దారం మీద ఉంది. "నేదు బేటీ," అన్నాడు. "దారం సెప్తాది కదా." తర్వాత నా నెత్తిన చెయ్యి వేసి, "అబద్దం ఆడకూడదు. మంచికైనా," అన్నాడు. కోపం లేదు. అక్షరం తప్పు రాస్తే దిద్దినట్టే.

దిగొచ్చేటప్పుడు రోడ్డుకి రెండు పక్కలా వలిసె చేలు విరగబూసి ఉన్నాయి, కొండ కొండంతా పసుపు. మావ కిటికీలోంచి చూసి, "ఏటే రత్నం, ఈ కొండలకి కూడా నువ్వే పోసీసావా?" అన్నాడు. సన్యాసి నవ్వాడు, నాన్న కూడా నవ్వాడు. నేను గుడ్డసంచీలో మొహం పెట్టుకుని ఏడ్చాను. మర్నాడు నాన్న వేటకి పోయాడు. వచ్చే ఏడు మళ్ళీ వెళ్దామనే మాట ఎవరూ ఎత్తలేదు, ఎందుకంటే వచ్చే ఏడుకి చూపు ఉండదని అందరికీ తెలుసు. వానాకాలం రాకముందే గొట్టం మూసుకుపోయింది.

ఆ తర్వాత శుక్రవారాలు తిరగబడ్డాయి. ఇప్పుడు నేను పాతూరు వెళ్ళి ఆయనకి పత్రిక చదివి వినిపించేదాన్ని. ఆయన వేళ్ళతో తడుముకుని ఎరలు కట్టేవాడు. ఆయన భార్య ఎర్ర దారం, తెల్ల దారం వేరు చేసి ఇచ్చేది. కొన్నాళ్ళకి పేటలో ఇంజను బోట్లు వచ్చాయి, పెద్ద వలలు వచ్చాయి, కొట్లలో ప్లాస్టిక్కు ఎరలు వచ్చాయి. ఈకలు అడిగేవాళ్ళు లేకపోయారు. అయినా కట్టి పెట్టెలో వేసేవాడు. ఒకరోజు అడిగాడు, "రత్నం, నా ఈకని సేప పట్టుకుంటే ఎలగుంటాదే? నువ్వు సెప్పు, నాను ఇంటాను." నేను చెప్పలేకపోయాను. నేను చూసింది చేప పురుగుని తినడం. ఆయన ఈకని పట్టుకోవడం నేనూ చూడలేదు. ఆ మాటే చెప్పాను. "అలగా," అని ఇంకో ఈక అందుకున్నాడు.

పెళ్ళయి కూర్మన్నపాలెం వచ్చేశాను. మా ఆయన ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు, నాకు పిల్లలు, వంట, అత్తగారి మంచం. శుక్రవారాలు నెలకొకటయ్యాయి, తర్వాత ఏడాదికొకటి. నాన్న పోయాడు, సన్యాసి పోయాడు. ఆ వేనులో వెళ్ళినవాళ్ళలో మావా నేనే మిగిలాం. రెండేళ్ళ కిందట, ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్నదాన్ని దించుకోవాలని వెళ్ళాను. చాలా చిక్కిపోయాడు. గొంతు విని ముందు గుర్తుపట్టలేదు. పేరు చెప్పాక మొహం విప్పారింది. చెయ్యి పట్టుకుని, "మావా, ఆ రోజు కొండ మీద నేను పసుపు పొయ్యకుండా ఉండాల్సింది. నన్ను మన్నించు," అన్నాను.

"ఏ పసుపు?" అన్నాడు. "కొండ మీదికి ఎల్లామా మనం? ఎప్పుడు?"

ఆయనకి ఏదీ గుర్తులేదు. వేను, హల్వా, నాన్న వాంతులు, గెడ్డ, ఏదీ లేదు. నేను చెబుతుంటే చిన్నపిల్లాడు కథ విన్నట్టు విన్నాడు. మన్నించడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. అంతా విని, గుడ్డి కళ్ళు నా వైపు ఎత్తి, ఆశగా అడిగాడు, "అయితే సేపని సూసానా?"

ఇప్పుడు చెప్పడానికి ఆయన వేలి కింద దారం లేదు. సూసావు మావా, నీ ఈకనే పట్టుకుంది, వెండి జరీ తళుక్కుమంది అని చెబితే నమ్మేవాడు. ఆ సాయంత్రమంతా, బహుశా బతికినన్నాళ్ళూ, చూసినవాడిగా ఉండేవాడు. నా నోటి దాకా వచ్చింది. మంచికైనా అబద్ధం ఆడకూడదని ఆయనే చెప్పాడు కదా అనుకున్నాను. దేవుడు చూస్తున్నాడు కదా అనుకున్నాను. "నేదు మావా, సూడనేదు," అన్నాను.

మొహంలో వెలుగు పోయింది. నా చెయ్యి రెండుసార్లు తట్టి, "పోన్లే," అన్నాడు. "ఈసారి ఎల్దాం."

ఆ మాట తర్వాత నేను ఆయన్ని చూడలేదు. నా భక్తి ఆయన దగ్గరినుంచి ఆ చేపని రెండుసార్లు తీసేసింది. ఒకసారి చేత్తో, ఒకసారి నోటితో. దేవుణ్ణి నిందించను, ఆయన నాకు ఇచ్చినవి తక్కువేం కాదు. కానీ దీపం ముందు కూచుని ఎంత వెతుక్కున్నా, ఆ రెంటికీ నాకు జవాబు దొరకలేదు, ఇక దొరుకుతుందన్న ఆశ కూడా లేదు. ఇప్పుడు ఆ ఘాట్ మీద ఆదివారం వస్తే కార్లు బారులు తీరతాయి. కొండ మీద గుడారాలు వేసి అద్దెకిస్తున్నారట. ఫోనులో వేలు కదిపితే చాలు, ఏ దేశం నదిలోనో చేప లేచి ఈకల ఈగని అందుకోవడం ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు, ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా కనిపిస్తుంది. మా అమ్మాయి ఒకసారి అలాంటిదే చూపించబోతే వద్దన్నాను. ఇరవయ్యేళ్ళు పనిచేసిన మనిషికి దక్కనిది, కూర మాడకుండా చూసుకుంటూ మధ్యలో చూసెయ్యడం నాకు చేతకాలేదు.

చదివినవాళ్ళని ఒక్కటే అడుగుతాను. మీరెప్పుడైనా కొండల్లోకి వెళ్ళి, ఏ గెడ్డ ఒడ్డునో కూచున్నప్పుడు, తేట నీళ్ళలో ఒక చేప పైకి లేవడం మీ కంటపడితే, ఆ వలయాలు ఒడ్డుకి చేరేలోగా ఒక్కసారి ఆయన్ని తలుచుకోండి. ఆయన పేరు సులేమాన్. విశాఖపట్నం పాతూరులో జరీ పని చేసేవాడు.